స్వెర్డ్లోవ్‌స్క్ 1979: గాలి ఎటు వీచిందో తేల్చిన ఏడు పేజీలు | రివ్యూ

నమస్తే అండీ. ఈసారి ఒక సైన్స్ పేపర్ రివ్యూ చేస్తున్నాను. మొత్తం ఏడు పేజీలు. 1994 నవంబర్‌లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పేరు చాలా సాదాగా ఉంటుంది: ‘1979 నాటి స్వెర్డ్లోవ్‌స్క్ ఆంత్రాక్స్ వ్యాప్తి’. దీనికి ఏడాది ముందు, 1993లో, పీఎన్ఏఎస్ పత్రికలో వచ్చిన ఇంకో చిన్న పేపర్ కూడా పక్కన పెట్టుకున్నాను. ఆ చిన్నది చదవకుండా పెద్దది చదివితే సగమే అర్థమవుతుంది. చిన్న పేపర్ రాసినవాళ్లలో మొదటి పేరు ఫైనా అబ్రమోవా. ఆవిడ కోసమే ఈ వీడియో చేస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. సోవియట్ యూనియన్, ఉరల్ పర్వతాల పక్కన స్వెర్డ్లోవ్‌స్క్ నగరం. ఇప్పుడు దాన్ని మళ్లీ పాత పేరుతో యెకతెరిన్‌బర్గ్ అంటున్నారు. 1979 ఏప్రిల్ మొదటి వారం. నగరం దక్షిణ భాగంలోని ఆసుపత్రులకు జ్వరం, దగ్గు, ఆయాసంతో మనుషులు రావడం మొదలైంది. న్యుమోనియా అనుకున్నారు. కానీ నిన్నటిదాకా పనికి వెళ్లిన మనిషి ఒకటి రెండు రోజుల్లో చనిపోతున్నాడు. రెండో వారానికల్లా అది ఆంత్రాక్స్ అని తేలింది. మన దగ్గర గొర్రెలకి, పశువులకి వస్తే దొమ్మరోగం అంటాం కదా, అదే.

ప్రభుత్వం చెప్పిన కారణం మాంసం. జబ్బుపడ్డ పశువుల మాంసం ఎవరో అమ్మారు, జనం తిన్నారు, అంతే. మాంసం కొనొద్దని హెచ్చరించారు. అనుమానం ఉన్న మాంసం తీసుకెళ్లి తగలబెట్టారు. అక్కడితో ఆగితే నమ్మొచ్చేమో. కానీ అదే సమయంలో ఫైర్ సిబ్బంది వచ్చి ఇళ్ల గోడలు, చెట్లు కడిగారు. మట్టి రోడ్ల మీద తారు పోశారు. చనిపోయినవాళ్లని ఊరి శ్మశానంలో విడిగా ఒక చోట పాతిపెట్టారు. ఇక్కడ నేను పేపర్ పక్కన పెట్టి కాసేపు ఆలోచించాను. మాంసం తిని జబ్బు వస్తే చెట్టు ఎందుకు కడుగుతారండీ?

అదే నగరంలో కంపౌండ్ 19 అని సైన్యానికి చెందిన సూక్ష్మజీవుల ప్రయోగశాల ఉంది. సోవియట్ యూనియన్ 1972 నాటి జీవాయుధాల నిషేధ ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశం. అది 1975లో అమల్లోకి వచ్చింది. అంటే అలాంటి ఆయుధం తయారు చేస్తున్నామని ఒప్పుకునే దారే లేదు. అందుకే మాంసం కథని అంత గట్టిగా పట్టుకున్నారు.

ఇప్పుడు అబ్రమోవా దగ్గరికి వద్దాం. ఆవిడ పాథాలజిస్టు, అంటే చనిపోయిన శరీరాన్ని తెరిచి ఎందుకు చనిపోయారో చెప్పే డాక్టరు. ఆవిడా, సహచరుడు లెవ్ గ్రిన్‌బర్గ్ కలిసి ఆ రోజుల్లో పోస్ట్‌మార్టంలు చేశారు. చిన్న పేపర్‌లో ఉన్నవి 42 శరీరాల వివరాలు. చనిపోయినవాళ్లలో సగం కంటే ఎక్కువమంది అన్నమాట. మొదట్లోనే ఒక శరీరంలో మెదడు మీద ఎర్రటి టోపీ తొడిగినట్టు రక్తం కమ్మేసి కనిపించింది. ఆంత్రాక్స్ అయి ఉండొచ్చని ఆవిడకి అక్కడే తట్టింది.

తర్వాత కేజీబీ, అంటే సోవియట్ రహస్య పోలీసు సంస్థ, వచ్చింది. ఆసుపత్రి రికార్డులు, పోస్ట్‌మార్టం రిపోర్టులు పట్టుకుపోయింది. మామూలుగా అయితే కథ అక్కడే ముగుస్తుంది. కాయితం లేదు, శరీరాలు మట్టిలో ఉన్నాయి, మాట్లాడితే ఏమవుతుందో ఆ దేశంలో అందరికీ తెలుసు. కానీ వాళ్లిద్దరూ శరీర భాగాల ముక్కలు కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో, మైనపు దిమ్మల్లో దాచారు. మైక్రోస్కోప్ స్లైడ్లు దాచారు. తమ సొంత నోట్స్ దాచారు. ఒక ఏడాది, రెండేళ్లు కాదు. పదమూడేళ్లు.

ఈ పదమూడేళ్ల గురించి కాస్త ఊహించండి. ఆవిడ రోజూ ఆసుపత్రికి వెళ్తుంది, వస్తుంది. రేడియోలో, పేపర్లో మాంసం అనే చెప్తున్నారు. అది తప్పని చూపించే ముక్కలు ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసు. పై వాళ్లకి ఎదురు తిరగడం అనగానే మనకి మైకు ముందు గట్టిగా మాట్లాడే మనిషి గుర్తొస్తాడు. ఆవిడ చేసింది వేరు. పారేయమన్నదాన్ని పారేయలేదు. నాకు ఇది ఇంకా కష్టమైన పని అనిపిస్తుంది. ఎందుకంటే భయపడటానికి, మనసు మార్చుకోవడానికి రోజూ ఒక కొత్త అవకాశం ఉంటుంది.

సరే, ఆ ముక్కలు ఏం చెప్పాయి? ఈ చిన్న పేపర్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఆంత్రాక్స్ శరీరంలోకి ఎటు నుంచి వచ్చిందో ఆ దారిలోని లింఫ్ గ్రంథుల్లో తెలుస్తుంది. తింటే, పేగుల చుట్టూ ఉన్న గ్రంథులు పాడవ్వాలి. పీలిస్తే, ఛాతీలో ఊపిరితిత్తుల మధ్య ఉన్న గ్రంథులు పాడవ్వాలి. ఈ శరీరాల్లో వరసగా కనిపించింది ఛాతీ గ్రంథులు రక్తంతో నిండి కుళ్లిపోవడం. పేగుల దగ్గర గ్రంథులు దెబ్బతిన్నది 42 మందిలో 9 మందికే. 11 మందికి ఊపిరితిత్తిలోనే, సూక్ష్మజీవి అడుగుపెట్టిన చోట మచ్చలాగా న్యుమోనియా ఉంది. అంటే వాళ్లు తినలేదు. పీల్చారు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. చాలామంది పేగుల్లో కూడా రక్తస్రావం ఉంది. పేగుల్ని మాత్రమే చూపిస్తే మాంసం కథ నిజమేనేమో అనిపిస్తుంది. కానీ అది రక్తం ద్వారా తర్వాత పాకింది. శరీరాన్ని మొత్తం చూసినవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది. మొత్తం చూసింది అబ్రమోవా, గ్రిన్‌బర్గ్.

ఇక పెద్ద పేపర్. దీని వెనకున్న ముఖ్యమైన మనిషి హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్. ఈయన గురించి చెప్పకుండా ఉండలేను. 1988లో సోవియట్ అధికారులు అమెరికా వచ్చి, పశువుల దాణాలో కలిపిన ఎముకల పొడి వల్ల ఇదంతా జరిగిందని వివరించారు. అప్పుడు మెసెల్సన్ ఆ వివరణ నమ్మేలానే ఉందన్నారు. అలా అన్న మనిషే 1992లో బృందంతో ఆ ఊరికి వెళ్లి, తన మాట తప్పని తేల్చే ఆధారాలు తానే ఏరి తెచ్చారు. ఆ వెళ్లడానికి కాస్త ముందే, 1992 మే నెలలో, రష్యా అధ్యక్షుడు బోరిస్ యెల్త్‌సిన్ దీనికి కారణం సైన్యమేనని ఒప్పుకున్నారు. 1979లో అదే ప్రాంతానికి కమ్యూనిస్టు పార్టీ పెద్ద కూడా ఆయనే. అధ్యక్షుడు ఒప్పుకున్నాక ఇంకా పరిశోధన దేనికి అని మీరు అడగొచ్చు. మాంసం అన్నది కూడా పెద్దవాళ్ల మాటేగా. మాట ఈరోజు ఇటు, రేపు అటు. అందుకే ఆధారం కావాలి.

బృందం చేసిన పని చాలా మామూలుగా ఉంటుంది, చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చనిపోయినవాళ్ల ఇళ్లకి వెళ్లారు. ఈ పని ఎక్కువగా చేసింది జీన్ గిల్మిన్ అనే సామాజిక శాస్త్రవేత్త. మీ ఆయన ఎక్కడ పని చేసేవారు, ఏ షిఫ్టు, ఆ వారం ఎక్కడున్నారు అని అడిగారు. శ్మశానానికి వెళ్లి సమాధుల మీది పేర్లు, తేదీలు చూశారు. ఇలా 77 మంది రోగుల వివరాలు దొరికాయి. అందులో 66 మంది చనిపోయారు, 11 మంది బతికారు.

ఇప్పుడు పేపర్‌లోని మ్యాప్ గురించి. దొరికితే వీడియో ఆపి మరీ చూడండి. పగటిపూట ఎవరు ఎక్కడున్నారో చుక్కలు పెట్టారు. ఆ చుక్కలు ఊరంతా చెల్లాచెదురుగా పడలేదు. కంపౌండ్ 19 దగ్గర మొదలై, దక్షిణంగా ఒక సన్నటి పట్టీలా నగరం అంచుదాకా వెళ్లాయి. మధ్యలో ఒక సిరామిక్స్ ఫ్యాక్టరీ ఉంది, అక్కడ చుక్కలు గుంపుగా ఉన్నాయి. మాంసం అయితే ఊళ్లో ఎక్కడ కొన్నవాళ్లకి అక్కడ రావాలి కదా. ఇది గీత గీసినట్టు వచ్చింది.

తేదీ పట్టుకున్న తీరు నాకు ఇంకా నచ్చింది. కొందరు ఆ పట్టీలో ఉండేవాళ్లు కాదు, పని కూడా అక్కడ కాదు. విచారిస్తే, వాళ్లు రిజర్వు సైనిక క్లాసులకని కంపౌండ్ 19 పక్కనే ఉన్న కంపౌండ్ 32కి వచ్చారు. ఆ క్లాసులు మొదలైంది ఏప్రిల్ 2, సోమవారం. తర్వాత ఊరి విమానాశ్రయం వాతావరణ రికార్డులు తీశారు. ఆ సోమవారం పగలు గాలి ఉత్తరం వైపు నుంచి, సరిగ్గా ఆ పట్టీ వెంటే వీచింది. విమానాశ్రయంలో గాలి దిశ రాసుకున్నవాడికి తను దేనికి సాక్షి అవుతున్నాడో తెలియదు. ఆ పుస్తకం తీసుకెళ్లి దాచాలని ఎవరికీ తట్టనూ లేదు.

ఆ గీతని ఊరు దాటించి ఇంకా పొడిగిస్తే ఆరు పల్లెలు వస్తాయి. ఆ ఆరింటిలోనూ అదే ఏప్రిల్‌లో పశువులు ఆంత్రాక్స్‌తో చనిపోయాయి, ఎక్కువగా గొర్రెలు. చివరి పల్లె సుమారు 50 కిలోమీటర్ల దూరం. దాని పేరు అబ్రమోవో. పేరు కలవడం కేవలం యాదృచ్ఛికమే, కానీ చదువుతూ ఆ పదం దగ్గర నేను ఆగిపోయాను.

బయటికి వచ్చిన పదార్థం ఎంత ఉండొచ్చో కూడా లెక్క కట్టారు. కొన్ని మిల్లీగ్రాముల నుంచి దాదాపు ఒక గ్రాము. చిటికెడు కూడా కాదు.

నచ్చనివీ చెప్తాను. పేపర్ మరీ చల్లగా ఉంటుంది. మనుషులు వయసుగా, షిఫ్టుగా, చుక్కగా మిగిలిపోతారు. శాస్త్ర పత్రికకి అదే పద్ధతి, తెలుసు. అయినా సిరామిక్స్ ఫ్యాక్టరీలో పక్కపక్కన పనిచేసి, ఒకరి తర్వాత ఒకరు రాలిపోయినవాళ్ల గురించి ఒక్క వాక్యమైనా ఉంటే బాగుండేది. చిన్న పేపర్ సారాంశం చదివితే ఆ శాంపిళ్లని కేజీబీ నుంచి కాపాడారన్న ఊసే ఉండదు. మామూలుగా ఫ్రిజ్‌లోంచి తీసినట్టే అనిపిస్తుంది. ఇంకోటి, కంపౌండ్ 19 గోడ లోపల ఆ సోమవారం ఏం జరిగిందో ఈ పేపర్ చెప్పలేదు. సోవియట్ జీవాయుధ కార్యక్రమంలో పెద్ద హోదాలో పనిచేసి 1992లో అమెరికా వెళ్లిపోయిన కెన్ అలిబెక్, గాలి బయటికి పోయే గొట్టానికి ఫిల్టర్ పెట్టడం మర్చిపోయారని తర్వాత చెప్పారు. అది ఆయన విన్న మాట. పేపర్ మాత్రం గోడ దగ్గరే ఆగిపోతుంది.

మెచ్చుకోవాల్సింది కూడా అక్కడే ఉంది. తెలియనిది తెలియదనే రాశారు. రోగుల్లో 24 ఏళ్లలోపు వాళ్లు ఒక్కరూ లేరు. పిల్లలు ఆ పట్టీలో లేరా అంటే ఉన్నారు. ఎందుకు రాలేదో తేల్చలేకపోయామని ఒప్పుకున్నారు. అబద్ధం చెప్పేవాళ్ల దగ్గర ప్రతిదానికీ జవాబు ఉండటం చూశాక, ఈ ఒప్పుకోలు నాకు ఎంతో నమ్మకం కలిగించింది.

చదవాలనుకునేవాళ్లకి నా సలహా: ముందు 1993 చిన్న పేపర్, తర్వాత 1994ది. వైద్యపదాలు అడ్డుపడతాయి, పట్టించుకోకుండా అంకెల వెంట వెళ్లండి. రెండూ కలిపి ఒక సాయంత్రం చాలు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. 2016లో శాస్త్రవేత్తలు ఆ పోస్ట్‌మార్టం ముక్కల నుంచే ఆ సూక్ష్మజీవి డీఎన్ఏ మొత్తం చదివారు. యాంటీబయాటిక్‌లకి లొంగకుండా మార్చిన గుర్తులేమీ అందులో కనిపించలేదు. అంటే 37 ఏళ్ల తర్వాత కూడా కొత్త ప్రశ్న వేస్తే జవాబు చెప్పడానికి ఆ మైనపు దిమ్మలు ఉన్నాయి. 1979లో ఆ ముక్కల్ని దాచినప్పుడు అబ్రమోవాకి డీఎన్ఏ చదివే యంత్రం వస్తుందని తెలియదు, సోవియట్ యూనియన్ పోతుందని తెలియదు, తన ఇంటి తలుపు ఎవరు తడతారో కూడా తెలియదు.