ఐరిష్ నృత్య వేదిక మీద విదేశీయులెవరు?

సభకు నమస్కారం.

ఐర్లండ్ జాతీయ నృత్య పోటీల్లోకి విదేశీయులను రానివ్వాలా? రానివ్వాలన్నదే నా పక్షం. ఒక్కచోట మాత్రం కంచె ఉండాలంటాను. అది ఎక్కడో తర్వాత చెబుతాను.

ముందు విదేశీయులెవరో తేల్చుకుందాం. ఐరిష్ భాషను బతికించుకోవడానికి 1893లో డబ్లిన్‌లో గేలిక్ లీగ్ పుట్టింది. అందరూ కలిసి ఆడిపాడే సాయంత్రాలను ఐరిష్ వారు కేలీ అంటారు. లీగ్ తన తొలి కేలీని జరిపింది మాత్రం 1897లో, అదీ లండన్‌లో! అక్కడికి వలస వెళ్లిన ఐరిష్ వారు పొరుగునున్న స్కాట్లండ్ వారి వేడుకలను చూసి తామూ మొదలుపెట్టారు. పరాయి గడ్డ మీద పుట్టిన ఆ ముచ్చటే తర్వాత స్వదేశీ సంప్రదాయమైంది.

1970లో డబ్లిన్‌లో ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. అయిదేళ్లకే అక్కడ గెలిచిన మైకేల్ ఫ్లాట్లీ షికాగోలో పుట్టినవాడు. 1994లో డబ్లిన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీ విరామంలో రివర్‌డాన్స్ అనే ఏడు నిమిషాల నృత్యం వచ్చింది. ఐరిష్ అడుగును ప్రపంచానికి పరిచయం చేసింది అదే. అందులో ముందు నిలిచినవారు ఫ్లాట్లీ, న్యూయార్క్‌లో పుట్టిన జీన్ బట్లర్. ఐర్లండ్ గర్వపడిన ఆ రాత్రి నాయికానాయకులిద్దరూ అమెరికాలో పుట్టినవారే.

‘వాళ్లవి ఐరిష్ కుటుంబాలే కదా’ అంటారు. అంటే లెక్కలోకి వచ్చేది పాస్‌పోర్టు కాదు, రక్తమన్నమాట. 2020లో వర్జీనియాకు చెందిన నల్లజాతి యువతి మోర్గన్ బులక్ ర్యాప్ పాటకు ఐరిష్ అడుగులు వేసిన వీడియో లోకమంతా తిరిగింది. ‘నీకెందుకు ఈ నృత్యం’ అని దెప్పినవారున్నారు. రివర్‌డాన్స్ బృందం మాత్రం ఆమెను పిలిచి వేదికనిచ్చింది. ఒకప్పుడు ఒక్క ఊరి మగవాళ్లకే పరిమితమైన కూచిపూడిని ఇవాళ దేశదేశాల ఆడపిల్లలు ఆడుతుంటే మురిసిపోయే మనం, ఈ విషయంలో ఏ పక్షాన నిలవాలో వేరే చెప్పాలా?

స్థానికుల బాధ మాత్రం ఉత్తిది కాదు. పెద్ద పోటీల్లో మొదటి రెండు రౌండ్లు అందరూ ఆడతారు. మూడో రౌండుకు మార్కులలో ముందున్నవారినే మళ్లీ పిలుస్తారు. ఏడాదంతా సాధన చేసిన, ఐర్లండ్‌లోని కేరీ కౌంటీ పిల్ల, విమానంలో దిగినవారి వల్ల ఆ పిలుపు అందక ఇంటికి పోతే తల్లిదండ్రులకు మండదా? మండుతుంది. పైగా గౌనుకు, విగ్గుకు, ప్రయాణాలకు అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు.

నేనన్న కంచె ఇక్కడే. ప్రపంచ పోటీలకు అర్హత ఇచ్చే ప్రాంతీయ పోటీలు ఆ ప్రాంతపు పిల్లలవే. కేరీ ఉన్న మన్‌స్టర్ ప్రాంతపు స్థానాలు మన్‌స్టర్ వారికే దక్కాలి. జాతీయ టైటిల్ సంగతి వేరు. మేటివారిని గుమ్మంలోనే ఆపి గెలిచిన కప్పుకు విలువేముంటుంది?

ఈ కళకు మచ్చ తెచ్చింది బయటివారని కూడా అనలేం. ఫలితాల కోసం కొందరు శిక్షకులు, న్యాయనిర్ణేతలు కుమ్మక్కయ్యారన్న ఆరోపణలు 2022 అక్టోబరులో గుప్పుమన్నాయి. వేలెత్తి చూపింది లోపలివారి వైపే.

నిర్వాహకులకు నా సూచన ఒకటే. మూడో రౌండు పిలుపుల్లో కొన్ని అదనపు స్థానాలు ఐర్లండ్‌లో ఉండే పిల్లలకు కేటాయించండి. వారిలో అందరికన్నా ముందు నిలిచినవారికి అదే వేదిక మీద వేరే కప్పు ఇవ్వండి. ఆ పిల్లల్లో పోలండ్ నుంచి వచ్చి గాల్వేలో స్థిరపడిన కుటుంబాల వారినీ లెక్కించండి.