గేటు లేని రోడ్డు

శ్రోతలకు నమస్కారం.

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో బస్సెక్కి బెల్‌ఫాస్ట్‌కు బయలుదేరామనుకోండి. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. డండాక్ పట్టణం దాటి న్యూరీ వైపు సాగుతుండగా ఒకచోట, మనకు తెలియకుండానే, ఐర్లండ్ రిపబ్లిక్ అయిపోయి బ్రిటన్, అంటే అందులో భాగమైన ఉత్తర ఐర్లండ్, మొదలవుతుంది. అక్కడ గేటు లేదు, చౌకీ లేదు, సైనికుడు లేడు. వేగపరిమితి బోర్డు మీద అంతవరకు కిలోమీటర్లలో ఉన్న అంకె మైళ్ళలోకి మారుతుంది, రోడ్డు అంచున పసుపు గీత పోయి తెల్ల గీత వస్తుంది. కిటికీ పక్కన కూర్చున్న మనిషి కునుకు తీస్తే ఆ మార్పు కూడా కనిపించదు.

ఈ గేటు లేని రోడ్డు గురించే ఈ పూట మీతో మాట్లాడదామనుకుంటున్నాను. ఎందుకంటే ఐరోపా యూనియన్ నుంచి విడిపోవడానికి బ్రిటన్ మూడున్నరేళ్ళకు పైగా పడిన యాతనలో, నా దృష్టిలో, సగానికి సగం ఈ రోడ్డు దగ్గరే చిక్కుకుని ఉంది.

ముందుగా జరిగినది క్లుప్తంగా చెబుతాను. 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు రిఫరెండంలో ఓటు వేశారు. యూనియన్‌లో ఉండాలా, విడిపోవాలా అన్నది ప్రశ్న. విడిపోదామన్నవారు 51.9 శాతం, ఉందామన్నవారు 48.1 శాతం. స్కాట్లండ్‌లో 62 శాతం మంది, ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు 56 శాతం మంది ఉందామనే అన్నారు, కానీ లెక్క దేశమంతటికీ ఒక్కటే. మర్నాడు ఉదయమే ప్రధాని డేవిడ్ కామెరాన్ రాజీనామా ప్రకటించారు. మూడు వారాలు తిరిగేసరికి థెరిసా మే ప్రధాని అయ్యారు.

ఓటర్ల తీర్పు మంచిదా, చెడ్డదా అని నేను ఇక్కడ విచారించబోవడం లేదు. ఒక దేశ ప్రజలు తమ దారి తాము ఎంచుకోవడానికి పూర్తి హక్కు ఉంది. నా బాధ ఆ ప్రశ్న గురించి. విడిపోతారా అని అడిగారు, విడిపోయి ఎక్కడ నిలబడతారు అని అడగలేదు. ఇల్లు ఖాళీ చేస్తామని ఇంటివారంతా చేతులెత్తారు, కొత్త ఇల్లు ఏ వీధిలో తీసుకోవాలన్నది సామాను బండికెక్కించాక మాట్లాడుకున్నారు. అప్పుడు ఈ రోడ్డు గుర్తుకొచ్చింది. నిజానికి గుర్తుచేసినవారు ముందే ఉన్నారు. ఓటింగుకు రెండు వారాల ముందు, పరస్పరం ప్రత్యర్థి పార్టీలకు చెందిన ఇద్దరు మాజీ ప్రధానులు, జాన్ మేజర్, టోనీ బ్లెయిర్, కలిసి ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నగరానికి వెళ్ళి, ఇక్కడి శాంతికి ముప్పు రావచ్చునని హెచ్చరించారు. ఇంగ్లండ్ వీధుల్లో ఆ మాట పెద్దగా వినిపించలేదు.

ఆ సరిహద్దు పొడవు దాదాపు 500 కిలోమీటర్లు. దాని మీదుగా అటూ ఇటూ పోయే దారులు 200కు పైగా ఉన్నాయి. కొన్నిచోట్ల అది ఒకే రైతు పొలాన్ని రెండుగా చీలుస్తూ పోతుంది. పెటిగో అనే చిన్న ఊళ్ళో మధ్యనున్న ఏరే సరిహద్దు. వంతెనకు ఇవతలి గట్టు ఒక దేశం, అవతలి గట్టు మరొక దేశం. ఈ సరిహద్దు మొదటినుంచీ ఇంత ప్రశాంతంగా ఏమీ లేదు. ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటన్‌లోనే ఉందామన్నవారికీ ఐర్లండ్‌లో కలుద్దామన్నవారికీ మధ్య దాదాపు 30 ఏళ్ళపాటు సాగిన హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో చిన్న చిన్న దారులను సైన్యం గోతులు తవ్వి మూసేసేది, కొండల మీద కాపలా బురుజులు ఉండేవి. కస్టమ్స్ చౌకీలంటేనే దాడులకు గురి. 1972 ఆగస్టులో న్యూరీలో కస్టమ్స్ కార్యాలయంలో బాంబు పేలి తొమ్మిది మంది మరణించారు. 1993లో ఐరోపా ఉమ్మడి విపణి రావడంతో సరుకుల తనిఖీ పోయింది. 1998లో గుడ్ ఫ్రైడే ఒప్పందమనే శాంతి ఒప్పందం కుదిరాక క్రమంగా సైనికుల చౌకీలూ పోయాయి. రోడ్డుకు గేటు లేకపోవడమంటే అక్కడివారికి ప్రయాణ సౌకర్యం ఒక్కటే కాదు, పిల్లలు ఇంటికి క్షేమంగా తిరిగి వస్తారన్న నమ్మకం.

ఇప్పుడు ఆ రోడ్డు మీద ఒక పాల ట్యాంకరును చూద్దాం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా అర్థవంతంగా కనిపించేది ఆ ట్యాంకరే. ఉత్తర ఐర్లండ్‌లో రైతులు పితికే పాలలో దాదాపు మూడో వంతు సరిహద్దు దాటి ఐర్లండ్ రిపబ్లిక్‌లోని కర్మాగారాలకు వెళ్ళి అక్కడ వెన్న, జున్ను, పాలపొడి అవుతుంది. ఫెర్మానా ప్రాంతంలో ఒక పాడి రైతు ఉన్నాడనుకుందాం. తెల్లవారకముందే పాలు పితికి చల్లబరిచే తొట్టిలో పోశాడు. ట్యాంకరు వచ్చింది, గొట్టం తగిలించి పాలు లాగుకుంది, పక్క రైతు దగ్గరికి పోయింది, ఆ తరువాత సరిహద్దు అవతలి రైతు దగ్గరికి పోయింది. అటు పాలూ ఇటు పాలూ ఒకే ట్యాంకులో కలిసిపోయాయి. ఇక వాటిని విడదీసి ఇవి బ్రిటన్ పాలు, ఇవి ఐరోపా పాలు అని చెప్పడం ఎవరి తరం?

రెండు దేశాల్లోనూ ఒకే నియమాలు, ఒకే సుంకాలు ఉన్నంతకాలం అలా చెప్పవలసిన అవసరమే రాలేదు. బ్రిటన్ విడిపోయి తన నియమాలు తాను రాసుకున్న రోజున ఆ ట్యాంకరు ఒక విదేశం నుంచి వచ్చే సరుకు అవుతుంది. సుంకం ఎంత అని అడిగేవారు ఒకరు కావాలి. పశువైద్యుని ధ్రువపత్రం చూసేవారు ఒకరు కావాలి. జీఎస్‌టీ రాకముందు మన రాష్ట్రాల సరిహద్దుల్లో చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరి, వే బిల్లులు చేతపట్టుకుని డ్రైవర్లు గంటల తరబడి నిలబడ్డ దృశ్యం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇనుమైతే ఆగుతుంది, సిమెంటైతే ఆగుతుంది, పాలు ఎంతసేపని ఆగుతాయి?

అయితే ఆ చెక్‌పోస్టు ఎక్కడ పెట్టాలి? దారులు మూడే. ఐర్లండ్ సరిహద్దు మీద పెట్టవచ్చు, కానీ అది కష్టపడి సాధించుకున్న శాంతిని కదిలిస్తుంది. ఐర్లండ్ ద్వీపానికీ బ్రిటన్ ద్వీపానికీ మధ్యనున్న సముద్రంలో, అంటే రేవుల దగ్గర పెట్టవచ్చు, కానీ తాము బ్రిటన్‌లో భాగమని ప్రాణంగా నమ్మే ఉత్తర ఐర్లండ్ యూనియనిస్టులకు అది తమను పరాయివారిని చేసినట్టు ఉంటుంది. లేదా దేశమంతా ఐరోపా కస్టమ్స్ నియమాల్లోనే కొనసాగవచ్చు, కానీ అప్పుడు విడిపోయిందేమిటని విడిపోదామన్నవారు అడుగుతారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుగా ఉంది పరిస్థితి. దీనికి తోడు, 2017 జూన్ ఎన్నికల్లో మెజారిటీ పోగొట్టుకున్న థెరిసా మే ప్రభుత్వం నిలబడింది యూనియనిస్టుల పార్టీ అయిన డీయూపీకి చెందిన 10 మంది సభ్యుల మద్దతు మీద. దారి మూసుకుపోయేది సరిగ్గా ఎవరి వల్లనో, ప్రభుత్వం బతికేది వారి వల్లనే.

ఆ రోజుల్లో నేను రాత్రిళ్ళు రేడియో పెట్టుకుని లండన్ పార్లమెంటు ప్రసారాలు వినేవాణ్ణి. విడిపోయే షరతుల గురించి ఐరోపా యూనియన్‌తో మే కుదుర్చుకొచ్చిన ఒప్పందం మీద 2019 జనవరి 15న ఓటింగ్ జరిగింది. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట అయింది. కుడివైపు అవునన్నవారు 202, ఎడమవైపు కాదన్నవారు 432 అని లెక్క చదివినప్పుడు సభలో లేచిన హోరు ఇంకా నా చెవుల్లో ఉంది. 230 ఓట్ల తేడా. బ్రిటన్ పార్లమెంటు చరిత్రలో ఏ ప్రభుత్వమూ అంత తేడాతో ఓడలేదు. మార్చి 12న మళ్ళీ తెచ్చారు, 149 తేడాతో ఓడింది. మార్చి 29న, అంటే దేశం విడిపోవలసిన నాడే, మూడోసారి తెచ్చారు, 58 తేడాతో ఓడింది.

ఈ మధ్యలోనే, మార్చి 27న, సభ్యులు తామే ఒక దారి వెతుకుదామని ఎనిమిది ప్రతిపాదనల మీద ఓటు వేశారు. ఎనిమిదీ ఓడిపోయాయి. ఏ ఒప్పందమూ లేకుండా వెళ్ళిపోదామన్నదీ ఓడింది, విడిపోవడమే మానుకుందామన్నదీ ఓడింది. ఏప్రిల్ 1న నాలుగు ప్రతిపాదనలు మిగిలాయి. కస్టమ్స్ కూటమిలో ఉండిపోదామన్న ప్రతిపాదనకు 273 మంది అవునన్నారు, 276 మంది కాదన్నారు. మూడే మూడు ఓట్లు. వద్దనేవాటికల్లా మెజారిటీ ఉంది, కావాలనేదానికి ఒక్కదానికీ లేదు. ఆ సభ్యులను చేతకానివారనడం నాకు ఇష్టం లేదు. ప్రశ్నలో లేని జవాబును వారి చేత చెప్పించబోయారు, అంతే.

ఇటువంటప్పుడు పార్లమెంటు బయట బతికేవారి సంగతి ఏమిటి? గడువు మార్చి 29 నుంచి ఏప్రిల్ 12కు, అక్కడినుంచి అక్టోబరు 31కి జరిగింది. ప్రతి గడువుకూ వ్యాపారులు గిడ్డంగులు నింపుకున్నారు. మందుల కంపెనీలను ఆరు వారాల నిల్వ పెట్టుకోమని ప్రభుత్వమే కోరింది. విడిపోయే శుభసందర్భానికని అక్టోబరు 31 తేదీతో 50 పెన్నీల నాణేలు దాదాపు 10 లక్షలు ముద్రించి, ఆ తేదీ తప్పిపోవడంతో మళ్ళీ కరిగించారు. నాణేన్ని కరిగించి కొత్త తేదీ వేయవచ్చు. పాడి రైతు ఆవులను అలా వాయిదా వేయలేడు. వచ్చే ఏడాదికి దూడను పెంచాలా, అమ్మాలా అన్న నిర్ణయం అతను ఈ ఏడాదే తీసుకోవాలి. అనిశ్చితి అన్న పెద్ద మాటకు అర్థం నాకు అక్కడ కనిపిస్తుంది.

ఆ తరువాతి కథ వేగంగా నడిచింది. మే రాజీనామా చేశారు, జూలైలో బోరిస్ జాన్సన్ వచ్చారు. ఆయన సలహా మీద పార్లమెంటును ఐదు వారాలు మూసివేస్తే, సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అది చట్టవిరుద్ధమన్నారు. డిసెంబరు ఎన్నికల్లో జాన్సన్‌కు 80 స్థానాల ఆధిక్యం వచ్చింది. 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది.

చెక్‌పోస్టు మాత్రం ఎక్కడికి పోయింది? సముద్రంలోకి పోయింది. సరుకుల విషయంలో ఉత్తర ఐర్లండ్ ఐరోపా నియమాలనే పాటిస్తుంది, బ్రిటన్ ద్వీపం నుంచి వచ్చే సరుకును రేవులో తనిఖీ చేస్తారు. పాల ట్యాంకరు ఎప్పటిలాగే ఆగకుండా పోయింది. ఆగినది మరొకటి. 2021 జనవరి తరువాత, బెల్‌ఫాస్ట్‌లో ఉన్న ఒక గృహిణి ఇంగ్లండ్ నర్సరీ నుంచి కుండీలో గులాబీ మొక్క తెప్పించుకుందామంటే, వేళ్ళకు అంటుకున్న మట్టి బ్రిటన్ మట్టి కనుక నిబంధన అడ్డం వచ్చింది. చాలామంది అమ్మకందారులు అసలు పంపడమే మానుకున్నారు. తన దేశపు మట్టి తన పెరట్లోకి రాకూడదంటే ఆమెకు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ కోపాన్ని చిన్నది అనడానికి నాకు మనసు రాదు. 2022 ఫిబ్రవరిలో డీయూపీ ఈ కారణంగానే ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం నుంచి తప్పుకుంది. రెండేళ్ళపాటు అక్కడ పూర్తిస్థాయి ప్రాంతీయ ప్రభుత్వం లేకుండా పోయింది. 2023 ఫిబ్రవరిలో బ్రిటన్‌కూ ఐరోపా యూనియన్‌కూ మధ్య కుదిరిన విండ్సర్ ఒడంబడిక మొక్కలకూ, విత్తనపు బంగాళాదుంపలకూ, ఇంకా అనేక సరుకులకూ దారి సులభం చేసింది. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం మళ్ళీ ఏర్పడింది. ఆ పాటికి లండన్‌లో కామెరాన్ మొదలుకొని ఐదో ప్రధాని పాలనలో ఉన్నారు.

చివరగా, ఈ రోడ్డుతో మన తెలుగు ఇళ్ళకు ఉన్న ఒక సంబంధం చెప్పి ముగిస్తాను. మన పిల్లలు బెల్‌ఫాస్ట్‌లోనూ చదువుతున్నారు, డబ్లిన్‌లోనూ చదువుతున్నారు. శని, ఆదివారాల్లో స్నేహితులను చూసివద్దామని బస్సెక్కుతారు. గేటు లేదు కనుక అనుమతి అక్కర్లేదనుకుంటారు. ఆ స్వేచ్ఛ బ్రిటన్, ఐర్లండ్ పౌరుల కోసం ఆ రెండు దేశాలు చేసుకున్న ఏర్పాటు. ఐరోపా యూనియన్‌తో నిమిత్తం లేకుండా అది ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది, భారతీయ పాస్‌పోర్టుకు మాత్రం వర్తించదు. బ్రిటన్ విద్యార్థి వీసా మీద ఉన్నవారు డబ్లిన్ వెళ్ళాలంటే ఐర్లండ్ వీసా విడిగా తీసుకోవాలి, ఐర్లండ్‌లో చదివేవారు బెల్‌ఫాస్ట్ వెళ్ళాలంటే బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి. పిల్లలను చూడడానికి సందర్శక వీసా మీద వెళ్ళే తల్లిదండ్రులకు కొన్ని షరతులతో ఒకే వీసా రెండు దేశాలకూ చెల్లే ఏర్పాటు ఉంది, కానీ ఆ వీసా మీద బీఐవీఎస్, అంటే బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీమ్, అన్న అక్షరాలు ఉండాలి. రోడ్డు మీద గేటు లేకపోయినా, డండాక్ వైపు అప్పుడప్పుడు పోలీసులు బస్సెక్కి కాగితాలు చూస్తారు, దొరికితే వెనక్కి పంపుతారు, ఆ సంగతి తరువాతి వీసా దరఖాస్తుకు కూడా అడ్డు తగలవచ్చు. ఈసారి ఫోను చేసినప్పుడు ఈ ఒక్క మాట పిల్లల చెవిన వేయండి. బస్సు టికెట్టు కొనేటప్పుడు ఆ వీసా ఉందా అని వారిని ఎవరూ అడగరు.

నమస్కారం.