పిడుగు నెత్తినే పడాలా?

(కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గర దుక్కి దున్నిన చేను. నేలకు వంగి వెతుకుతున్న జనం.)

తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల వేట మొదలు. అందరి చూపూ నేల మీదే. ఇంద్రుడి చేతిలో ఉన్నదీ వజ్రమేనయ్యా, కాస్త పైకి చూడండి అంటే నవ్వుతారు. ఉరిమితే చింతచెట్టు కిందికి పరుగు. "పడితే చెట్టు మీద పడుతుంది, మనకేమయితాది?" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

గొర్రెల్ని అడగండి. ఒక్క పిడుగుకు చెట్టు కింద మందంతా పడిపోతుంది. ప్రతి గొర్రె నెత్తినా పిడుగు పడిందా? లేదే! చెట్టులోంచి దిగిన కరెంటు నేలలో పరుచుకుంటుంది, కుంటలో రాయి వేస్తే అలలు లేచినట్టు. చెట్టు మొదట్లో వోల్టేజీ ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గొర్రె ముందు కాళ్లు ఒక అల మీద, వెనక కాళ్లు ఇంకో అల మీద. ఆ తేడాకు కరెంటు ఒక జత కాళ్లలో ఎక్కి ఇంకో జతలో దిగుతుంది. దారిలో గుండె ఉంది. ఆవుకైతే కాళ్ల మధ్య ఎడం ఇంకా ఎక్కువ.

మనకు రెండే కాళ్లు, కొంత నయం. కానీ భయపడి చేలో బోర్లా పడుకున్నారా, మీరూ గొర్రే! దగ్గర్లో ఏ ఇల్లూ లేకపోతేనే, చెట్లకు దూరంగా, పాదాలు రెండూ ఆనించి గొంతుక్కూర్చోండి. చేతులు నేలకు తగలకూడదు. ఇది గతిలేనప్పటి మాట, రక్షణ అనుకోకండి. చెట్టు కిందైతే ఇంకో గండం: మాను కంటే మన ఒళ్లే సులువైన దారని కరెంటు పక్కకు దూకుతుంది.

2022లో మన దేశంలో పిడుగులకు 2,887 మంది పోయారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ఇది.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఉరుము వినబడిందంటే మీరు పిడుగుకు అందే దూరంలోనే ఉన్నట్టు. పక్కా ఇల్లు, లేదా అద్దాలెత్తిన కారు, బస్సు. పందిరి, ట్రాక్టరు, బైకు లెక్కలోకి రావు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు లోపలే. మా అవ్వలాగా "అర్జునా, ఫల్గుణా" అనుకోండి, లోపల కూర్చుని అంటే నాకేం అభ్యంతరం లేదు. సెల్‌ఫోన్ పిడుగును లాగదు, ఛార్జింగ్ వైరు మాత్రం పీకేయండి. పుణె వాతావరణ సంస్థ వాళ్ల దామిని యాప్ పెట్టుకోండి, ఉచితం.

ఆఖరిది. దెబ్బతిన్న మనిషిలో కరెంటు మిగిలి ఉండదు, ముట్టుకోవచ్చు. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ కొట్టించి, ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ ఉండండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్స్ వచ్చేదాకా.