‘అమెరికన్ ఫుట్‌బాల్’ రికార్డులో చిటపట ఎందుకొస్తుంది? గాడి, ముల్లు, బరువు

[తెర మీద: అమెరికాలోని అర్బానా ఊళ్లో ఒక ఇంటి ఫొటో ఉన్న రికార్డు అట్ట. పక్కన తిరుగుతున్న ప్లేయర్.]

"వినైల్ అంటే చిటపట ఉండాల్సిందే, అదే దాని అందం." ఎక్కడ చూసినా ఇదే మాట. కాదండీ! ఆ చప్పుడు స్టూడియోలో ఎవరూ వాయించలేదు. చాలాసార్లు అది గాడిలో దుమ్ము. హోరెత్తే రాక్ రికార్డులో ఆ చప్పుడు మరుగున పడిపోతుంది. ‘అమెరికన్ ఫుట్‌బాల్’ బ్యాండ్ అదే పేరుతో తెచ్చిన ఈ ఆల్బమ్‌లో మాత్రం దానికి దాక్కునే చోటే లేదు.

1999 సెప్టెంబరులో పాలీవినైల్ కంపెనీ విడుదల చేసిన రికార్డు ఇది. మైక్ కిన్సెల్లా, స్టీవ్ హోమ్స్, స్టీవ్ లామోస్, ముగ్గురే మనుషులు. తొమ్మిది పాటలు, సుమారు 41 నిమిషాలు. గిటార్లలో దాదాపు డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరుకు చేయడం) ఉండదు, ఒక్కో తీగా విడిగా మోగుతుంది. ‘నెవర్ మెంట్’లో గిటార్ ఎఫ్-ఎ-సి-జి-సి-ఇ శ్రుతిలో ఉంటుంది. నొక్కని తీగలు మోగి మోగి మెల్లగా ఆరిపోతాయి. ఆ ఆరిపోయే క్షణమే నాకు ఈ ఆల్బమ్‌లో ప్రాణం. సరిగ్గా అక్కడ "టిక్" అంటే పాట చెడినట్టే.

[దగ్గరి షాట్: గాడిలో ముల్లు]

ఎడ్లబండి గాడిని తలుచుకోండి. ముల్లు చక్రం, దుమ్ము రేణువు గులకరాయి. చక్రం రాయెక్కితే బండి కుదుపుతుంది, అదే మనకు వినిపించే టిక్. బరువున్న బండి పదేపదే అదే రాయి మీద నుంచి వెళ్తే ఆ రాయి గాడి గోడలోకి దిగబడుతుంది. ఆ తర్వాత ఎంత కడిగినా గుంట పోదు. అందుకే వాయించాక కాదు, వాయించే ముందు తుడవాలి. ప్రతి వైపుకీ ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌ని తిరుగుతున్న రికార్డు మీద రెండు చుట్లు ఆనించి, మెల్లగా బయటికి లాగేయండి.

టిక్ ఎక్కడిదో తెలుసుకోవడం తేలిక. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకి 1.8 సెకన్లు పడుతుంది. ప్రతి 1.8 సెకన్లకీ ఒకేలా టిక్ అంటుంటే అది గీత, కడిగితే పోదు. లయ లేకుండా అక్కడక్కడా పడుతుంటే దుమ్ము, లేదా స్టాటిక్ (రాపిడితో పుట్టే కరెంటు). అది పోతుంది.

ఇక బరువు, అంటే ముల్లు గాడి మీద మోపే భారం. "ముల్లు ఎంత తేలిగ్గా ఉంటే రికార్డుకి అంత మంచిది" అనేది రెండో అపోహ, నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మళ్లీ మన బండి దగ్గరికి రండి. ఖాళీ బండి గాడిలో కుదురుగా నడవదు, ఎగిరెగిరి గోడలకి కొట్టుకుంటుంది. తక్కువ బరువుతో ముల్లు కూడా అంతే, గోడలని చెక్కేస్తుంది. ఆడియో టెక్నికా వీఎమ్95ఈ కార్ట్రిడ్జ్‌కి (ముల్లుని పట్టుకునే చిన్న పెట్టె) 2 గ్రాములు పెట్టాలి, 1.8 నుంచి 2.2 లోపు. ఆర్టోఫాన్ 2ఎమ్ రెడ్‌కి 1.8. కంపెనీ చెప్పిన అంకె పెట్టండి, అంతే.

[చేతులు, టోన్ ఆర్మ్ కనిపించేలా]

ముందు యాంటీ స్కేట్ (ఆర్మ్ లోపలికి లాగేయకుండా ఆపే సర్దుబాటు) సున్నాకి తెండి. ముల్లు తొడుగు తీయండి. వెనక బరువుని తిప్పుతూ పోతే ఒకచోట ఆర్మ్ పైకీ లేవదు, కిందికీ వాలదు, గాల్లో సమంగా నిలుస్తుంది. ఇప్పుడు అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకి తిప్పాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: బరువు కూడా కలిసి తిరిగిపోతుంది, లెక్కంతా తప్పుతుంది. ఆ తర్వాత రెండూ కలిపి మీ కార్ట్రిడ్జ్ అంకె (వీఎమ్95ఈ అయితే 2) దగ్గరికి తిప్పండి. యాంటీ స్కేట్ కూడా అదే అంకె. చిన్న డిజిటల్ త్రాసు ఉంటే ఒకసారి తూచి చూడండి.

ఇన్ని చేసినా చివరి పాటలో ట్రంపెట్ గరగరమంటోందా? ఒకే రికార్డుగా వచ్చిన ప్రెస్సింగులో ‘ద వన్ విత్ ద వుర్లిట్జర్’ లేబుల్ పక్కన, లోపలి గాడుల్లో ఉంటుంది. బయటి అంచున ఒక సెకను శబ్దానికి దాదాపు 51 సెంటీమీటర్ల గాడి దొరికితే లోపల 21 మాత్రమే. గతుకులన్నీ దగ్గర దగ్గరగా ఇరుక్కుంటాయి, లావు చక్రం వాటిలోకి దిగలేదు. ప్రొట్రాక్టర్ కాగితం (కోణం గీతలున్న కాగితం) పెట్టి కార్ట్రిడ్జ్ కోణం సరిచేయండి. అప్పటికీ తగ్గకపోతే సన్నటి మైక్రోలైన్ ముల్లు వేయండి. అసలు మీ ముల్లు వయసెంత? వీఎమ్95ఈ లాంటి ఎలిప్టికల్ (కోల కొన ఉన్న) ముల్లుకి ఆడియో టెక్నికా చెప్పే ఆయుష్షు 300 గంటలు. అంటే ఈ ఆల్బమ్‌ని సుమారు 440 సార్లు.

టైమ్ దగ్గర పడింది, మిగతాది గబగబా చెప్పేస్తాను.

కడగడానికి 4 వంతులు డిస్టిల్డ్ వాటర్, 1 వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లీటరుకి రెండు చుక్కల డిష్‌వాష్. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ ఒకసారి. బోరు నీళ్లు వద్దు, ఆరాక గాడిలో ఉప్పు మిగులుతుంది. లేబుల్ తడవకూడదు. తాతగారి పెట్టెలోని 78 వేగం లక్క రికార్డులకి ఈ నీళ్లు అస్సలు తగలనివ్వకండి, ఆల్కహాల్ లక్కని కరిగించేస్తుంది.

అమెరికా నుంచి పాత ప్లేయర్ తెచ్చుకునేవాళ్లూ, దానిలో ఏసీ సింక్రనస్ మోటారు (కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరిగేది) ఉందేమో చూసుకోండి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది తప్ప మన 50 హెర్ట్జ్‌ని అక్కడి 60 చేయదు. 33⅓ చుట్లు తిరగాల్సింది 28 కూడా తిరగదు. 50 హెర్ట్జ్ పుల్లీ వేయించాలి.

రికార్డులు నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. పేరిస్తే బరువుకి అట్ట మీద గుండ్రంగా అరిగిన మచ్చ పడుతుంది, సరిగ్గా ఆ ఇంటి బొమ్మ మీద.