ది లాస్ట్ జార్స్ రివ్యూ: తప్పంతా రాస్పుటిన్‌దేనా?

నమస్తే అండీ. నెట్‌ఫ్లిక్స్‌లో ‘ది లాస్ట్ జార్స్’ మొత్తం చూసేశాను. 2019లో వచ్చింది, ఆరు ఎపిసోడ్లు. రష్యా చివరి జార్ (అంటే చక్రవర్తి) నికొలస్, అతని కుటుంబం, వాళ్ల పాలన కూలిపోవడం దీని కథ. సగం డ్రామా, సగం డాక్యుమెంటరీ. కథ ఊపందుకోగానే చరిత్రకారులు వచ్చి కూర్చుంటారు. మొదట్లో విసుగొచ్చింది కానీ, తర్వాత వాళ్ల కోసమే ఎదురుచూశాను.

ముందు ఒక కామెడీ. 1905 మాస్కో అని వేసి రెడ్ స్క్వేర్ చూపించారు. అందులో లెనిన్ సమాధి! ఆయన పోయిందే 1924లో.

ఇక రాస్పుటిన్, ఆ పతనానికి కారణమని తిట్లు తినేవాడు ఇతనే. సైబీరియా పల్లెటూరి రైతు. పూజారి కాదు, మఠంలో సన్యాసీ కాదు. ఊళ్లో భార్యాపిల్లలున్నారు. ఇలాంటివాడు నికొలస్ భార్య, రాణి అలెగ్జాండ్రాకి దేవుడెలా అయ్యాడు? కొడుకు అలెక్సీకి హీమోఫీలియా. చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగదు. 1912లో స్పాలా అనే చోట పిల్లాడి మీద ఆశ వదిలేసుకున్నారు. అప్పుడు రాస్పుటిన్ నుంచి టెలిగ్రాం వచ్చింది: బతుకుతాడు, డాక్టర్లను మరీ విసిగించనివ్వకండి అని. పిల్లాడు కోలుకున్నాడు. ఇక ఆ తల్లికి ఎవరు చెప్తే ఎక్కుతుంది? ఐసీయూ బయట తాయెత్తు పట్టుకుని కూర్చున్నవాళ్లని మనం చూడలేదా?

అసలు చిక్కేంటంటే, ఆ జబ్బు సంగతి జనానికి తెలియనివ్వలేదు. దాంతో ఈ గడ్డపాయనకి అంతఃపురంలో ఏం పనో ఎవరికీ అర్థం కాలేదు. పుకార్లు అక్కడే పుట్టాయి. సిరీస్ దీన్ని వదిలేసి పడకగది సీన్ల మీద పడింది. పెద్దవాళ్లతో కూర్చుని చూడకండి, ముందే చెప్తున్నా.

నా కంప్లైంట్ ఇదే: రాస్పుటిన్‌ని మరీ పెద్దవాణ్ని చేశారు. 1896 పట్టాభిషేకం వేడుకల్లో ఖోడింకా మైదానంలో తొక్కిసలాటకి వెయ్యిమందికి పైగా చనిపోతే, ఆ రాత్రే నికొలస్ విందుకి వెళ్లాడు. 1905 జనవరిలో అర్జీ పట్టుకొచ్చిన జనం మీద సైన్యం కాల్చింది. ఈ రెండూ జరిగేనాటికి రాస్పుటిన్ జార్‌ని కలవనే లేదు! 1915లో జార్ తనే సేనాధిపతినంటూ మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లాడు. రాజధానిలో ఏడాదిన్నరలో నలుగురు ప్రధానులు మారారు. ఇందులో మాత్రం రాణి, రాస్పుటిన్‌ల చెయ్యి ఉంది, కాదనను.

1916 డిసెంబర్‌లో అతన్ని చంపింది రాజ్యాన్ని కాపాడదామనుకున్న రాజబంధువులు, దొరలే. మూడు నెలలు తిరక్కుండానే 304 ఏళ్ల రొమనోవ్‌ల (నికొలస్ వంశం) పాలన పోయింది.

చివరి ఎపిసోడ్ మాత్రం బాగా తీశారు. 1918 జులై, యెకటెరిన్‌బర్గ్ ఊళ్లో ఒక నేలమాళిగ, జార్ కుటుంబాన్ని కాల్చి చంపింది అక్కడే. అది రాత్రిపూట చూడకండి, నాకైతే నిద్రపట్టలేదు.