చేతికి చిక్కని చేపకు పేరు పెట్టొచ్చా? విలియం బీబీపై చర్చ

వ్యాఖ్యాత: 2020లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక్క నమూనా కూడా పట్టకుండా, వీడియో చూసి జెల్లీలాంటి ఒక సముద్ర జీవికి డ్యుయోబ్రాకియం స్పార్క్సే అని పేరు పెట్టారు. మరి 1930లలో అట్లాంటిక్‌లోని బెర్ముడా దీవుల దగ్గర, తాడుతో సముద్రంలోకి దించిన బాతిస్ఫియర్ అనే ఉక్కు గోళం కిటికీలోంచి చూసి అమెరికా ప్రకృతి శాస్త్రవేత్త విలియం బీబీ పేర్లు పెట్టిన నాలుగు చేపల్ని ఎందుకు ఒప్పుకోం? అసలు గోళం ఆయనతో పాటు దిగిన ఓటిస్ బార్టన్‌ది, కీర్తి బీబీకి ఎలా వచ్చింది?

జీవశాస్త్రవేత్త: రెండూ వేరు ప్రశ్నలండీ. వీడియో ఉంటే ఎవరైనా మళ్లీ చూసి సరిచూసుకోవచ్చు. బీబీకి కంటిచూపే సాక్ష్యం. 1932లో 2,100 అడుగుల దగ్గర ఆరడుగుల చేపలు రెండు చూశారు, బాతిస్ఫియరా ఇంటాక్టా అన్నారు. ఆ నీళ్లలోనే ఎన్నోసార్లు వలలు లాగారు, ఒక్కటీ...

ఇంజనీరు: వలకు దొరక్కపోతే లేనట్టేనా మేడం? వేగంగా ఈదే చేప వల నుంచి తప్పుకోదా? ముందు ఆయన ఎందులో కూర్చున్నారో చెప్పనివ్వండి. బయటి వ్యాసం 4 అడుగుల 9 అంగుళాలు. మొదట పోసిన గోళం ఐదు టన్నులు తూగింది, తాడు చుట్టి దించే యంత్రం విన్చ్‌కు భారమని కరిగించి రెండున్నర టన్నులలోపుకు తెచ్చారు. తలుపు 400 పౌండ్లు, పది బోల్టులు. కిటికీలకు మూడంగుళాల మందం క్వార్ట్జ్...

వ్యాఖ్యాత: డబ్బు బార్టన్‌దే కదా?

ఇంజనీరు: డబ్బు, డిజైన్ ఆలోచన ఆయనవే. ఆక్సిజన్ నిమిషానికి రెండు లీటర్లు, ఊపిరి బొగ్గుపులుసు వాయువు పీల్చడానికి సోడా లైమ్, తేమకు కాల్షియం క్లోరైడ్, గాలి కదలడానికి తాటాకు విసనకర్రలు. 1930 జూన్ 6న 300 అడుగుల దగ్గర తలుపు కింద నీళ్లు కారాయి. బీబీ పైకి లాగమనలేదు, వేగంగా దించమన్నారు! లోతుకు వెళ్లేకొద్దీ బయటి ఒత్తిడే తలుపును బిగిస్తుంది.

జీవశాస్త్రవేత్త: ఆ ధైర్యాన్ని నేను కాదనడం లేదు. చేపల సంగతి...

ఇంజనీరు: ఒక్క నిమిషం. 1932లో మనుషుల్లేకుండా దించితే లోపల నీళ్లు నిండాయి. పైకి తెచ్చి మధ్య బోల్టు విప్పుతుంటే ఒత్తిడికి అది ఫిరంగి గుండులా డెక్ మీద దూసుకుపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో 2,200 అడుగులు దిగారు, రేడియోలో ప్రత్యక్ష ప్రసారం. 1934 ఆగస్టు 15న 3,028 అడుగులు!

వ్యాఖ్యాత: మన దేశం తయారుచేస్తున్న లోతు సముద్ర వాహనం మత్స్య 6000తో పోలిస్తే?

ఇంజనీరు: అది టైటానియం గోళం, వ్యాసం 2.1 మీటర్లు, ముగ్గురికి, 6,000 మీటర్ల లక్ష్యం. స్వయంగా ఈదుతుంది. బీబీది తాడుకు వేలాడేది, విన్చ్ డ్రమ్ మీద తాడు చుట్లు అయిపోవస్తుంటే ఆపాల్సిందే.

జీవశాస్త్రవేత్త: ఇప్పటికైనా నన్ను చెప్పనివ్వండి. చేపల శాస్త్రవేత్త కార్ల్ హబ్స్ 1935లోనే అభ్యంతరం చెప్పారు. ఐదు వరుసల వెలుగులున్న చేప అని బీబీ అన్నది, కిటికీకి ముఖం ఆనించినప్పుడు ఊపిరి తేమ పట్టి, మెరిసే ఏదో జెల్లీ జీవి చుట్టూ కనిపించిన కాంతి కావచ్చన్నారు. చిత్రకారిణి ఎల్జా బోస్టెల్మన్ బొమ్మలు కూడా బీబీ వర్ణన విని వేసినవే. నమూనా లేదు, ఫోటో లేదు. నాలుగు జాతుల్లో ఒక్కటీ మళ్లీ కనిపించలేదు.

ఇంజనీరు: అంత లోతులో జీవుల్ని వాటి చోటే మొదట చూసిన కళ్లండీ అవి! ఫోన్‌లో పైకి చెప్తుంటే ఓడ మీదున్న సహచరి గ్లోరియా హాలిస్టర్ అక్కడికక్కడే రాసుకున్నారు. కట్టుకథ చెప్పేవాళ్లు అలా చేస్తారా?

జీవశాస్త్రవేత్త: కట్టుకథ అని నేను అనలేదు. నిజాయితీగానే పొరబడొచ్చు. అక్కడ చూసింది రాయాల్సిందే, శాస్త్రీయ నామం మాత్రం ఆగాల్సింది.

వ్యాఖ్యాత: బార్టన్‌కు అన్యాయం జరిగినట్టేనా, ఒక్క మాటలో?

ఇంజనీరు: 1949లో బెంతోస్కోప్ అనే మరో గోళంలో ఒంటరిగా 4,500 అడుగులు దిగి ఆ 3,028 అడుగుల రికార్డు దాటింది బార్టనే. అయినా బీబీ చూసిన చేపలు ఉన్నాయనే నా మాట.

జీవశాస్త్రవేత్త: ఆధారం ఏది? నేను అడిగింది...

ఇంజనీరు: మళ్లీ వలల దగ్గరికే వస్తున్నారు మేడం. చెప్పాను కదా, వేగంగా ఈదే చేప...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మేడం, సార్, ఇద్దరికీ ధన్యవాదాలు.