జల్లెడ దాటిన మంట

అందరికీ నమస్కారం.

స్టవ్ దగ్గర మొదలుపెడతాను. పాలు కాచి మంట సిమ్‌లో పెట్టగానే ఎప్పుడైనా ‘టప్’మని చప్పుడై నీలం మంట మాయమైందా? ఆరిపోయిందనుకుంటాం. చెవి పెట్టి వింటే బర్నర్ లోపల సన్నగా బుసకొడుతుంటుంది. మంట రంధ్రంలోంచి వెనక్కి పోయి లోపల గ్యాస్ చిమ్మే జెట్ దగ్గర కూర్చుంది. వెంటనే నాబ్ కట్టేసి, బర్నర్ చల్లారాకే మళ్లీ వెలిగించాలి.

గ్యాసూ గాలీ కలిసినచోట మంట ఒకచోట ఉండదు, కాలని వైపు నడుస్తూనే ఉంటుంది. పైపు గ్యాస్‌లో ప్రధానంగా ఉండే మీథేన్, గాలి సరైన పాళ్లలో కలిస్తే దాని నడక సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు. మనకు కదలకుండా కనిపించే స్టవ్ మంట నిజానికి ఏటికి ఎదురీదుతున్న చేపలాంటిది.

అయితే ఆ ఏరు, అంటే బయటికి వచ్చే గ్యాస్ ప్రవాహం, అంతటా ఒకే వేగంతో పారదు. గుండ్రటి సన్న గొట్టంలో నడిమధ్య వేగం సగటుకు రెట్టింపు ఉంటుంది, గోడను ఆనుకున్నచోట సున్నా. కాబట్టి మంట లోపలికి దూరాలంటే గోడ పక్కనే దారి వెతుక్కుంటుంది. కానీ అక్కడ లోహం వేడిని లాగేస్తుంది, మరీ దగ్గరికెళ్తే మంట చచ్చిపోతుంది. ఈ రెండింటి మధ్య మిగిలిన వెంట్రుకవాసి జాగాలోనే పోరంతా. గోడ నుంచి కాస్త జరిగేసరికి ప్రవాహం ఎంత వేగం పుంజుకుందన్నదే గెలుపోటములు తేలుస్తుందని 1943లో అమెరికాలో శాస్త్రవేత్తలు బెర్నార్డ్ లూయిస్, గుంథర్ వాన్ ఎల్బె చూపించారు. సిమ్‌లో పెడితే ఆ పెరుగుదల తగ్గిపోతుంది. మేకుతో పొడిచి బర్నర్ రంధ్రాలు పెద్దవి చేసినా అంతే. దయచేసి ఆ పని చేయకండి.

ఇదిగో, ఈ బర్నర్ మంట మీద సన్నటి ఇత్తడి జల్లెడ పెడుతున్నాను. చూడండి, మంట జల్లెడ కిందే ఆగిపోయింది. పైకి గ్యాస్ వస్తూనే ఉంది, అగ్గిపుల్ల చూపిస్తే పైన కూడా అంటుకుంటుంది. 1812 మే 25న ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయారు. దీపం మంట గనిలోని గ్యాస్‌కు అంటుకోకుండా 1815లో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ గని దీపం చుట్టూ ఇలాంటి జల్లెడే చుట్టాడు. చదరపు అంగుళానికి 784 రంధ్రాలు.

తర్వాతి లెక్క చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. 1835లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ లెక్క తీసింది. ఇంగ్లండ్‌లోని డర్హమ్, నార్తంబర్లాండ్ గనుల్లో ఆ దీపం వాడుకలోకి వచ్చిన 1816కు ముందు 18 ఏళ్లలో 447 మంది పోతే, ఆ తర్వాతి 18 ఏళ్లలో 538 మంది పోయారు. దీపం ఉందన్న ధైర్యంతో అంతకుముందు ఎవరూ దిగని గ్యాస్ గనుల్లోకి దిగారు, అది ఒక కారణం. రెండోది గాలి. కదలని గాలిలో ఆ దీపం మాట నిలబెట్టుకునేది. కానీ గనిలో గాలి సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగంతో వీస్తే చాలు, మంట జల్లెడ దాటగలదు. గాలి మంటను ఒక పక్కకు నెట్టి తీగలకు ఆనిస్తుంది. తీగలు ఎర్రగా కాలిపోతాయి. వేడి వాయువుకు రంధ్రంలో చల్లబడే వ్యవధి కూడా దొరకదు, సెగతోనే బయటపడుతుంది. రంధ్రం అదే, మారింది ప్రవాహం. జనం ఊపిరి పీల్చుకోవడానికని లోపలికి పంపిన గాలే ఆ పని చేసింది. తర్వాతి దీపాలకు గాలి నేరుగా తగలకుండా ఇనప తొడుగు వేశారు.

ఈ పాత కథ మళ్లీ ఎందుకంటే, సూరత్ దగ్గర కవాస్ ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో 2023 జనవరి నుంచి పైపు గ్యాస్‌లో కొద్ది పాళ్లు హైడ్రోజన్ కలుపుతున్నారు. కొద్దిగా కలిపితే పెద్ద తేడా ఉండదు. హైడ్రోజన్ పాళ్లు పెరిగేకొద్దీ కథ మారుతుంది. మీథేన్ మంట 2 మిల్లీమీటర్ల సందులో ఆగిపోతే, హైడ్రోజన్ మంట 0.6 మిల్లీమీటర్ల దాకా దూరుతుంది, నడక సెకనుకు 2 మీటర్ల పైమాటే. అందుకే హైడ్రోజన్ బర్నర్ గీసేటప్పుడు మేం ముందుగా లెక్కేసేది రంధ్రం కొలత కాదు. స్టవ్ సిమ్‌లో ఉన్నప్పుడు గోడ పక్కన గ్యాస్ ఎంత వేగంతో కదులుతోందన్నది.